ఒక్క 'వచ్చిండు' లేదేంది?

నాచారం, 2003

అమ్మా, బాపూ, నేను మంచిగున్న, ఫికర్ జెయ్యకున్రి.

ఉప్పల్ కాలేజీల మా తెలుగు సారు ఒక వ్యాసం ఇచ్చి, అది మనల్ని ఎట్ల ఒప్పిస్తదో చెప్పుమన్నడు. మన యాసనే మన గుర్తింపు, సిగ్గుపడొద్దని అందుల మస్తు జోరుగ ఉంది. గని రాసినాయన అంతటా "వచ్చాడు, వెళ్ళాడు" అనే రాసిండు!

"ఒక్క 'వచ్చిండు' లేదేంది సార్?" అని అడిగిన. క్లాసంతా నవ్విన్రు. సారు నవ్వలే.

"నువ్వెప్పుడన్న అట్ల రాసినవా, వనజా?" అన్నడు.

మీకు రాసే కార్డుల గూడ "నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను" అనే రాస్తి గద! అందుకే ఇది ఇంట్ల మాట్లాడినట్టే రాసిన.

బర్రె ఈనిందా? మామిడి తొక్కు అయిపోయింది, పంపున్రి.

బాపు సదువుతుంటే ఈసారి నా గొంతు ఇనవడ్డదా, అమ్మా?

పైలం.
మీ వనజ