గునపం పట్టని గ్యాంగ్‌మన్

బిలాస్‌పూర్,
11-9-1989

అమ్మకు శివాజీ నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. నాన్న సంగతి కింద రాస్తాను. అక్క చేత ఆఖరిదాకా చదివించుకో. అక్క బాబుకు కామెర్లు తగ్గాయని తెలిసి మనసు కుదుటపడింది.

క్వార్టర్ కప్పు ఇంకా కారుతూనే ఉంది. సిర్గిట్టి ఫ్యాక్టరీలో నా లేత్ పని ఎప్పటిలాగే ఉంది. సదర్ బజార్ పాత కాగితాల కొట్లో ఇంకా పుస్తకాలు కొంటున్నావా అని అడిగావు. ఇక కొనను.

సెమినార్ ఎలా జరిగిందన్నావు. కాలేజీలో ఆర్థిక సిద్ధాంతాల చరిత్ర మీద రెండు రోజుల సభ అది. మన తెలుగాయనే, లెక్చరర్ రామమోహన్ గారు నాకు పది నిమిషాలు ఇప్పించారు. ఎప్పుడో పోయిన దొరలు కూలి గురించి ఏమన్నారో పెద్దమనుషులు కాగితాలు చూసి చదివారు. మనిషి ఎంత పని చేస్తే అంతే వాడి విలువ అన్నాడొకడు. నాకు ఒళ్లు మండింది. నా వంతు రాగానే రైల్వే గ్యాంగు గురించి చెప్పాను. పదకొండుమంది గునపాలు వేసి రైలు పట్టా జరుపుతారు, ఒకడు గునపం ముట్టకుండా పాట చెబుతాడు, ఆ పాట లేకపోతే పట్టా అంగుళం కదలదు, మరి వాడి విలువ దేనితో కొలుస్తారు అన్నాను. నవ్వారు. ఇది చూసి చెబుతున్నావా, ఊహించి చెబుతున్నావా అని ఒక ప్రొఫెసర్ హిందీలో అడిగాడు.

అమ్మా, ఆ పాట చెప్పేది మా నాన్నేనని పేరుతో సహా చెప్పేశాను. నడుం పోయి నాలుగేళ్లయిందని, గ్యాంగు ఆయన్ను గునపం పట్టనివ్వడం లేదని గొప్పగా చెప్పాను. చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో రైల్వే ఆఫీసరు అతిథిగా కూర్చున్నాడని అప్పుడు చూశాను. ఆయన రాసుకుంటున్నాడు.

సభ అయిన ఐదో రోజు ఆ ఆఫీసరు లైను మీదికి వచ్చాడు. సభలో చెప్పినవన్నీ అబద్ధాలని ఒప్పుకుందామని నేనూ పరిగెత్తాను. నాన్న నావైపు చూడలేదు. మావాడికి పుస్తకాలు చదివి మతి చెడింది సాబ్ అని నవ్వుతూ, పక్కనున్న సత్యనారాయణ మావయ్య గునపం లాక్కున్నాడు. తనే పాట చెబుతూ తనే ఎత్తాడు. గంటసేపు. ఆఫీసరు తల ఊపి జీపెక్కాడు.

జీపు కనుమరుగయ్యాక నాన్నను చేతుల మీద ఇంటికి మోసుకొచ్చారు. గుమ్మంలో మావయ్య అన్నాడు: "నాలుగేళ్లు మేమంతా నోరు మూసుకున్నాం. నీకు పది నిమిషాలు సరిపోయాయి రా."

ఉద్యోగం నిలబడింది. నాన్న లేవడం లేదు. రైల్వే ఆసుపత్రికి రానంటాడు, అక్కడ చూస్తే అన్‌ఫిట్ అని రాసేస్తారని. బయటి డాక్టరు దగ్గరికీ కదలడు. నువ్వు చెబితేనే వింటాడు. వెంటనే బయలుదేరు.

నిన్న నడుముకు కాపడం పెడుతుంటే అడిగాడు: "ఆ సభలో సప్పట్లు కొట్టారేటి?"

కొట్టారన్నాను.

"సేనాసేపా?"

నీళ్లు చల్లారాయని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఇట్లు,
నీ చేత తిట్లు తినవలసిన కొడుకు,
శివాజీ