మొదట అర్థమైన మాట

కరీంనగర్, 12-4-1998

బాపూ, ఇక్కడ అందరం బాగున్నాం.

ఆపరేషన్ చేయించుకుని చెవిలో మిషను పెట్టించుకున్న వాళ్లం అయిదుగురం నిన్న ఆసుపత్రిలో కలుసుకున్నాం. ఎదుటివాళ్ల పెదవులు చూడకుండా మొదట అర్థమైన మాట ఏదో చెప్పాలన్నారు. మాలో జానకీబాయి అనే ఆమె తన మనవరాలి పిలుపు అన్నది. నా వంతు రాగానే లేచి వచ్చేశాను.

నాకు అర్థమైన మొదటి మాట మీది, బాపూ. పోయిన ఆదివారం వచ్చినప్పుడు అరుగు మీద మా ఆయనతో అన్నారు: "చిన్నదాని పెండ్లిచూపులకు ప్రమోదినిని తీస్కరాకుండ్రి. చెవెన్క గా వైరు చూస్తె సంబంధం పోతది." ఆయన "సరే మామా" అన్నారు. నేను వంటింట్లో ఉన్నాను. ప్రతి అక్షరం వినబడింది.

నేను రాను. అవ్వ మోకాలి నొప్పి తగ్గిందా? నిమ్మకాయ తొక్కు ఒక జాడీ పంపుతున్నాను. చెల్లెకు నా దీవెనలు. అక్క ఎందుకు రాలేదని అడిగితే జ్వరమని చెప్పండి.

మీ ప్రమోదిని