గంటగంటకూ ఆగే బండి

ఏమండీ,

ఈద్ సెలవులకు షార్జా నుంచి అందరం జార్జియా వెళుతున్నాం. మీరు చూడాలనుకుని, చూడకుండానే పోయిన మంచుకొండలకే. ముందు టిబిలిసి, తర్వాత ద్రాక్షతోటల పల్లెలు, చివర కొండలు. ఎప్పటిలాగే ప్లాను నేనే వేశాను.

నిన్న మనవరాలు అది చదివి, "నానమ్మా, దారిలో గంటగంటకీ బండి ఆపడమెందుకు? షుగరు తాతయ్యకి కదా" అంది.

అబ్బాయి దాన్ని కసిరి, "ఉండనీ అమ్మా, టీ తాగుదాం" అన్నాడు.

అవసరం లేనిది ఉంచడం నాకు చేతకాదని మీకు తెలుసు. బండి ఆపే చోట్లన్నీ కొట్టేశాను. కొండల దారిలో ఒక పూట మిగిలింది. దాన్ని ఎక్కడ వెయ్యాలో పొద్దుటి నుంచి చూస్తున్నాను. ఏ ఊళ్లో వేసినా ఖాళీగానే ఉంటోంది.

మీ సుభద్ర