శ్రీలంకకు వీపుసంచి

పద్మజ నాయనకు,

బిడ్డను తీసుకొని గాండ్లపెంటకు, మా అమ్మ దగ్గరికి పోతాండా. రేపు సాయంత్రం వస్తాను. సంగటి చేసిపెట్టినా. మగ్గం మీద ఇంకొక చీర మిగిలుండాది. అది నేసి కోసేదాకా శ్రీలంక మాట ఎత్తద్దు.

నీ వీపుసంచికి తెగిన పట్టీ పట్టునూలు పేని కుట్టినా. నువ్వు పెట్టిన రెండు సేర్ల రాగిపిండి తీసేసినా. ఆ దేశంలోనూ అన్నమే తింటారంట.

ఆరు రోజులు బస్సుల్లో తిరిగి సత్రాల్లో పడుకోవాలని నువ్వు రాసుకున్న కాగితం చూసినా. అంతా ఒక్క మనిషికే రాసినావు.

మొన్న నీ పాస్‌పోర్ట్ విచారణకొచ్చిన పోలీసాయన ముందర నువ్వు బిగుసుకుపోతే, మంచోడే సార్ అని నేనే చెప్పినా.

నాగలక్ష్మి

ఇంకోమాట. ఎల్లుండి ఆయన మళ్ళా వస్తాడు, నా పాస్‌పోర్ట్‌కు. ఇంట్లో ఉండు. నా గురించి ఏం చెప్తావో వింటాను.