భార్గవి పారిపోలేదు

సండూరు,
సోమవారం.

అక్కకు, చెల్లెలు సావిత్రి నమస్కారాలు. ఇక్కడ మేము నలుగురం బాగున్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందా, బావగారి దగ్గు నెమ్మదించిందా, కోడలూ పిల్లలూ ఎలా ఉన్నారు, అన్నీ వరుసగా రాయి. పోయినసారి మూడు అడిగితే ఒక్కదానికే జవాబిచ్చావు.

నా గురించి దిగులు పెట్టుకోకు. శేఖర్ ఇంటికి వచ్చి మూడు నెలలైంది, అలవాటు పడ్డాను. దోణిమలై వైపు నుంచి ఖనిజం లారీలు పొద్దస్తమానం ఇంటి ముందే పోతుంటాయి. వాటిలో మన శేఖర్‌వి కూడా ఉన్నాయి కాబట్టి దుమ్మును తిట్టడానికి నోరు రాదు. ఉదయం తుడిచిన గచ్చు మధ్యాహ్నానికి మళ్లీ ఎర్రబడుతుంది. ఎండ మన సిరుగుప్పలో ఉన్నంతే, కాలవ గాలి మాత్రం లేదు. కోడలు పద్మ జొన్నరొట్టె చక్కగా చేస్తుంది. అన్నమే మన బియ్యంలా ఉండదు. శేఖర్ అటు వచ్చినప్పుడు పాత బియ్యం ఒక మూట ఇచ్చి పంపు. మధ్యాహ్నం పూట మాట్లాడే తోడు లేదు, అంతకుమించి లోటు లేదు. బాగానే ఉన్నాను.

ఇక అసలు సంగతి. ఫోనులో చెప్పవచ్చు. కాని తప్పు మాట కాగితం మీద రాసి పంపాను, దాన్ని వెనక్కి తీసుకోవడం కూడా కాగితం మీదే జరగాలి.

మనవరాలు భార్గవి పియూసీ పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. హోస్పేటలో, బళ్లారిలో ఉన్న ముగ్గురు క్లాసు పిల్లలతో జట్టుకట్టి కంప్యూటర్లో ఒక కోట ఆట ఆడుతుంది. ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఇంటర్నెట్ మీద ఆడతారు. జట్టుకొక కోట. మన పిల్లది కోట వాకిలి కాపలా. ఆట మధ్యలో నెట్ తెగితే ఆమె బొమ్మ రాయిలా నిలబడిపోతుంది, శత్రువులు నేరుగా లోపలికి వస్తారు. అలా చాలాసార్లు జరిగింది. ఒకరోజు జట్టు నాయకురాలు రేష్మ ఫోను చేసి అరవడం నాకే వినబడింది.

"ఏందే భార్గవీ, ఓడిపోతాండామనంగానే మీ నెట్టు పోతాదా? ఇంకొక్కసారి పోతే వాకిట్లో వేరేవాళ్లని పెడతా చూడు!"

నేను రేష్మ మాటే నమ్మాను. ముప్పై ఏళ్లు బడిలో పిల్లల్ని చూసినదాన్ని కదా అనుకుని, "ఓటమి ఒప్పుకోలేక నువ్వే వైరు పీకుతున్నావు. పారిపోయే గుణం మన ఇంట్లో లేదు" అన్నాను. పిల్ల లేచి వెళ్లిపోయింది. అదే నీకు రాశాను. నువ్వు నలుగురికీ చదివి వినిపించానని రాశావు.

శేఖర్ మాత్రం కూతురి పక్షమే. "అమ్మా, ఫైర్‌వాల్ అడ్డం పడతాండాదేమో" అన్నాడు. బయటివాళ్లు చొరబడకుండా కంప్యూటర్‌కు పెట్టే కావలి అది. కంప్యూటర్ అంగడివాడు వచ్చి ఈ ఆటకు అందులో దారి ఇచ్చాడు. అయినా తెగింది. కావలినే మొత్తం తీసేయమన్నాడు. ఎందుకు తెగుతోందో తెలియకుండా తలుపులు బార్లా తీయడమేమిటని, ఒక్క రోజుకు మాత్రం ఒప్పుకున్నాను. ఆ రోజూ తెగింది. కావలిని మళ్లీ పెట్టించాను. తర్వాత లైన్‌మన్ వచ్చి తీగ పరీక్షించాడు. "ఏన్ మాడేదమ్మా, నేనేం చేసేది, లైను బాగానే ఉండాది. మీ ఇంట్లోనే ఏందో ఉండాది" అని వెళ్లిపోయాడు.

ఆ మాట మీద ఒక నోటుబుక్కు తీశాను. ఏ రోజు, ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి తెగింది, అప్పుడు ఎవరిది పైచేయి అని గడులు గీశాను. దాచడమెందుకు, చివరి గడి పిల్లను పట్టుకోవడానికే గీశాను. పదిహేను రోజుల్లో పదకొండుసార్లు తెగింది. అందులో ఏడుసార్లు గెలుస్తున్నది మనవాళ్లే. గెలుస్తూ ఎవరు పారిపోతారు?

ఇంకొకటి కూడా కనబడింది. మొదలైన ముప్పావుగంట దాకా ఏ ఇబ్బందీ లేదు, తర్వాతే తెగుతుంది. రెండు శనివారాలు మాత్రం అసలు తెగలేదు. శనివారం ఇంట్లో ఏం జరుగుతుంది? నేను తొడుగులు ఉతుకుతాను.

ఈ ఊళ్లో దుమ్ముకు భయపడి అందరూ అన్నిటికీ తొడుగులు వేస్తారు. నేను వచ్చిన వారంలోనే టీవీకి, మిక్సీకి, ఫోనుకు, చివరికి నెట్ వచ్చే ఆ మోడెం డబ్బాకు కూడా కుట్టాను. పాత బొంత ముక్క రెండు మడతలు, లోపల ప్లాస్టిక్ కాగితం. ఆట నడుస్తుండగా డబ్బా తొడుగు కింద చెయ్యి పెట్టి చూశాను. అప్పుడే పొయ్యి మీంచి దించిన పెనంలా ఉంది. గాలి ఆడక ఆ డబ్బా ఉడికిపోయి ఆగిపోతోందన్నమాట.

తొడుగు మెల్లగా తీసి ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఆలోచన రాలేదని చెప్పను. మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నాక చెప్పాను. శేఖర్ పకపకా నవ్వాడు. "ఫైర్‌వాలూ, లైనూ అని ఊరంతా తిరిగితిమి గదమ్మా! మా అమ్మ బొంత కప్పి నిద్రబుచ్చిందని ఎవురికి తెలుసు!"

భార్గవి నవ్వలేదు. "అవ్వా, నన్ను పారిపోయేదానివంటివి."

"అన్నాను. తప్పు నాది" అన్నాను.

కంచం నా వైపు జరిపి, "ఇంకొంచెం పప్పు ఎయ్యి" అంది. నాకు పెద్ద బరువు దిగినట్టయింది.

నిన్న పెద్ద పోటీ. డబ్బాను ఎత్తు మీద, గాలి తగిలేచోట పెట్టి, పక్కనే పొడిగుడ్డతో కూర్చున్నాను. గంటా నలభై నిమిషాలు నడిచింది, ఒక్కసారి తెగలేదు. మనవాళ్లు ఓడిపోయారు. వాకిలి విరిగేదాకా ఈ పిల్ల అక్కడే నిలబడింది. తర్వాత రేష్మ ఫోను చేసింది. "పోతే పోయిందిలేవే. బుధవారం మళ్లీ ఆట ఉండాది. వాకిలి నీదే" అంది.

కాబట్టి అక్కా, ముందు ఉత్తరం ఎవరెవరికి చదివావో వాళ్లందరినీ కూర్చోబెట్టి ఇది కూడా చదువు. ఒక్కరిని కూడా వదిలిపెట్టకు. బావగారికి, ఇంట్లో పెద్దలందరికీ నా నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. పరీక్ష ఫలితాల ముందు భార్గవికి నీ ఆశీస్సులు కావాలి, నాకు ఎప్పుడూ కావాలి.

అంటించేముందు ఇదంతా భార్గవికి చదివి వినిపించాను. అంతా విని ఒకటే అడిగింది.

"పెద్దవ్వ నిజంగా అందరికీ చెప్తాదా?"

చెప్తుందని మాటిచ్చాను.

ఇట్లు,
నీ చెల్లెలు
సావిత్రి