సుజాత ఎడమ చెంప

శుక్రవారం రాత్రి

సైన్యంలో ఉన్న మనవరాలు సుజాత ఫోన్ చేసింది. వాళ్ళ నాన్న మోకాలు, అమ్మ దగ్గు, నా బీపీ వరసగా అడిగింది. అందరం బాగానే ఉన్నామన్నాను. అప్పుడు చెప్పింది అసలు సంగతి. సోమవారం కొత్త తుపాకీ పరీక్షట, కాల్చేది తనేనట.

పొట్టి తుపాకీ అది. తూటాల పెట్టె ట్రిగ్గర్‌కి వెనకాల, చెంప దగ్గర ఉంటుందట. ఇలాంటివాటిలో పేలిన తూటా డొప్ప కుడిపక్కకి ఎగురుతుందట. ఎడమ భుజాన పెట్టి కాలిస్తే మొహానికే తగులుతుంది. మా సుజాతది ఎడమచేతి వాటం. సైన్యంలో చేరకముందు హార్బర్‌లో చేపలు కోసినప్పుడూ కత్తి ఆ చేతిలోనే.

"కుడిచేత్తో కాల్చరాదా అమ్మా?"

"అట్ట కుదరదవ్వా. దీంట్లో డొప్ప ముందుకి పడేట్టు చేసినారు. అది చూడాలనే ఎడమచేతి వాళ్ళని ఏరుకున్నారు."

"చూసేదానికి నీ చెంపే దొరికిందా వాళ్ళకి?"

"కళ్ళద్దాలిస్తార్లే. నువ్వు పులుసుకి మంచి మామిడికాయ చూసి పెట్టు," అని నవ్వింది.

అద్దాలు కళ్ళకి సరే, చెంపకి? అడిగేలోపు ఫోన్ పెట్టేసింది. చీపురు ఎడమ భుజాన ఆనించుకుని చూశాను. చెంపకీ దానికీ మధ్య బెత్తెడు కూడా లేదు.

పరీక్ష అయ్యాక సెలవిస్తారట. రాగానే గుమ్మంలో నిలబెట్టి ముందు ఆ చెంప చూడాలి. వస్తానన్నది పద్నాలుగో తేదీ, ఆదివారం.