దీపం లేని కిటికీ

స్కారోయ్ దీవి, ఉత్తర నార్వే
డిసెంబరు 12

అక్కా, నేను బతికే ఉన్నాను, కంగారుపడకు. సూర్యుడు కనబడక మూడు వారాలైంది, జనవరి ఆఖరుకు గానీ రాడు. నీ మరిది పడవతో పాటు మునిగిపోయాక నాకు పగలూ ఒకటే, రాత్రీ ఒకటే.

సోమవారం కిటికీలో దీపం పెట్టలేదు. ఎవరు వస్తారని పెట్టాలి? దీపం లేని కిటికీ అంటే ఆ ఇంట్లో మనిషి పోయినట్టేనని దీవిలో అందరికీ తెలుసు, నాకే గుర్తు రాలేదు. మర్నాడు పక్కింటి ఇంగర్, ముసలి వడ్రంగి ఓడ్‌వార్ మంచు తవ్వుకుంటూ వచ్చి తలుపు తోశారు. ఆయన చేతిలో శవపేటిక కోసం కొలబద్ద.

"బతికే ఉన్నావా అమ్మాయ్? ఇంత దూరం ఊరికే నడిపించావు" అన్నాడు.

"చావింటికని చేపల పులుసు కాచాను. నువ్వే తిను, పారబొయ్యలేను" అంది ఇంగర్.

తిన్నాను. ఏడుపు ఆగలేదు గానీ, ఆ పూట ఒక్కదాన్నే ఏడవలేదు.

నల్ల ఊలు రెండు ఉండలు, దీపం వత్తులు పంపు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలకు ముద్దులు.

నీ చెల్లెలు హెర్దిస్

ఇది రాస్తూ చూస్తే ఓడ్‌వార్ కిటికీ చీకటిగా ఉంది. పులుసు గిన్నె పట్టుకుని వెళ్తున్నాను. ఆయన కూడా నాలాగే విసిగిపోయి దీపం పెట్టకుండా ఊరుకుని ఉంటే చాలు.